హత్య కేసులో నిందితుడి హక్కులు ఏమిటి? కోర్టు భాష రానివారికి చట్టం ఇచ్చే రక్షణ ఎంత?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో ఎవరిమీదనైనా హత్యానేరం మోపారనుకుందాం. అరెస్టు పత్రం నుంచి అభియోగపత్రం వరకు, సాక్షుల వాంగ్మూలం నుంచి తీర్పు వరకు జిల్లా కోర్టులో ప్రతి అక్షరమూ హిందీలో ఉంటుంది. బజారులో బేరమాడటానికి సరిపోయే హిందీ బోనులో నిలబడి సమాధానం చెప్పడానికి చాలకపోవచ్చు. నేరం రుజువైతే పడే శిక్ష యావజ్జీవం లేదా మరణదండన. కనుక ఈ దశలో నిందితుడికి ఏ హక్కులు ఉంటాయో, ఏ వాదనలు చెల్లుతాయో ముందుగానే తెలిసి ఉండటం అవసరం.

ఏ చట్టం వర్తిస్తుంది?

2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతిలోని 302వ సెక్షన్ కిందే శిక్ష ఉంటుంది. ఆ తర్వాత జరిగినవాటికి న్యాయ సంహితలోని 103వ సెక్షన్ వర్తిస్తుంది. సెక్షన్ల సంఖ్యలు మారినా, హత్యకు నిర్వచనం, దానికి ఉన్న మినహాయింపులు దాదాపు యథాతథంగా కొనసాగుతున్నాయి.

అరెస్టు వేళ

అరెస్టుకు కారణాలను నిందితుడికి తెలియజేయాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ నిర్దేశిస్తోంది. ఆ కారణాలను లిఖితపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో స్పష్టం చేసింది. అప్పటికప్పుడు రాతలో ఇవ్వడం సాధ్యం కాని పరిస్థితిలో నోటిమాటగా చెప్పవచ్చు. అయితే రిమాండ్ కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా పత్రం చేతికి అందాలి. అందకపోతే అరెస్టు చట్టవిరుద్ధమవుతుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన వ్యక్తికి హిందీ పత్రం ఇచ్చి సంతకం చేయించుకుంటే ఈ షరతు నెరవేరినట్లు కాదు.

అరెస్టు సంగతి కుటుంబ సభ్యులకో మిత్రులకో తెలియజేయాలి. ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సమయంలో న్యాయవాదిని కలుసుకునే హక్కు, వైద్య పరీక్ష జరిపించుకునే హక్కు ఉన్నాయి. ఒంటిమీద దెబ్బలుంటే ఆ మొదటి వైద్య నివేదికలోనే నమోదయ్యేలా చూసుకోవాలి. తర్వాత వాటిని నిరూపించడం కష్టం.

పోలీసుల ముందు చెప్పిన మాట

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఏ నిందితుడినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణ మూడో ఖండం చెబుతోంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ ప్రకారం నిందితుడిపై రుజువుగా వాడరాదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుతో నేరుగా ముడిపడిన మాట వరకు చెల్లుతుంది.

ఈ మినహాయింపు హద్దులను తేల్చింది ఒక తెలుగు ప్రాంతపు కేసే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది. ‘బల్లెం ఫలానా చోట దాచాను, చూపిస్తాను’ అన్న భాగం సాక్ష్యంగా చెల్లుతుంది. ‘దానితో ఫలానా వ్యక్తిని పొడిచాను’ అన్న భాగం చెల్లదు. దేశంలోని కోర్టులు నేటికీ ఈ తీర్పునే ప్రమాణంగా తీసుకుంటున్నాయి.

మేజిస్ట్రేటు ముందు ఇచ్చే నేరాంగీకారం మాత్రం చెల్లుతుంది. అయితే అలా చెప్పాలన్న నిర్బంధమేదీ లేదనీ, చెబితే అది తనకు వ్యతిరేకంగా వాడబడవచ్చుననీ మేజిస్ట్రేటు ముందుగా నిందితుడికి వివరించాలి.

బెయిలు, న్యాయవాది

హత్య కేసులో బెయిలు హక్కుగా రాదు. సెషన్స్ కోర్టు లేదా హైకోర్టు విచక్షణపై ఆధారపడి ఉంటుంది. దర్యాప్తు సంస్థ 90 రోజుల్లోగా అభియోగపత్రం దాఖలు చేయకపోతే మాత్రం, దరఖాస్తు చేసుకుని పూచీకత్తు ఇచ్చిన నిందితుడికి బెయిలు హక్కుగా లభిస్తుంది. దరఖాస్తు పెట్టేలోపే అభియోగపత్రం దాఖలైతే ఆ హక్కు పోతుంది. కనుక 90వ రోజు ఎప్పుడన్నది కుటుంబం లెక్కపెట్టుకోవాలి. గరిష్ఠ శిక్షలో నిర్ణీత భాగం జైల్లో గడిపిన విచారణ ఖైదీలను విడుదల చేసే నిబంధన, మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు.

కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హుడని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. జాతీయ సహాయవాణి 15100కు ఫోన్ చేయవచ్చు. పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌కు చెందిన అనోఖీలాల్ కేసులో విచారణ హడావుడిగా ముగిసి మరణశిక్ష పడింది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి మళ్లీ విచారణకు పంపింది. యావజ్జీవం లేదా మరణశిక్ష పడే కేసుల్లో నిందితుడి తరఫున కోర్టు నియమించే న్యాయవాదికి కనీసం పదేళ్ల అనుభవం ఉండాలనీ, సిద్ధమవడానికి సాధారణంగా కనీసం ఏడు రోజుల గడువివ్వాలనీ ఆ తీర్పు నిర్దేశించింది.

బోనులో భాష

కోర్టు అభియోగాన్ని చదివి వినిపించి, వివరించి, నేరం ఒప్పుకుంటున్నారా అని నిందితుడిని అడుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. హిందీలో ‘అపరాధ్’ అంటే నేరం. తెలుగులో ‘అపరాధం’ అంటే తప్పిదం అనే అర్థమూ ఉంది, ‘అపరాధ రుసుము’ అంటే కేవలం జరిమానా. హిందీలో ‘ఆరోప్’ అంటే కోర్టు లాంఛనంగా నమోదు చేసే అభియోగం. తెలుగులో ‘ఆరోపణ’ ఎవరైనా ఎవరిమీదైనా చేయగలిగేది. రెండు భాషల్లోనూ వినిపించే సంస్కృత పదం రెండు చోట్లా ఒకే అర్థం ఇవ్వదు. అర్థమైందనుకుని తలూపడం కన్నా అర్థం కాలేదని చెప్పడమే మేలు.

నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నమోదవుతుంటే, దాన్ని బహిరంగ కోర్టులో అతనికి అర్థమయ్యే భాషలోకి అనువదించి చెప్పాలని సురక్షా సంహితలోని 314వ సెక్షన్ ఆదేశిస్తోంది. నిందితుడిని కోర్టు ప్రశ్నించినప్పుడు ఇచ్చిన సమాధానాల నమోదు అతనికి తెలియని భాషలో ఉంటే, దాన్నీ అనువదించి వినిపించాలి. తాను చెప్పినదానికి వివరణ జోడించే అవకాశం అతనికి ఉంటుంది. దుబాసీ కావాలన్న విన్నపాన్ని న్యాయవాది మొదటి వాయిదాలోనే రాతపూర్వకంగా నమోదు చేయించడం మంచిది. అప్పీలులో ఈ విషయం లేవనెత్తాలంటే ఆ నమోదే ఆధారం.

చెల్లే వాదనలు

నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో పరిస్థితుల గొలుసు ఎక్కడా తెగకుండా ఉండాలని 1984లో శరద్ బిర్ధీచంద్ సారడా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో ఐదుగురు మహిళల హత్య కేసులో మరణశిక్ష పడిన దిగంబర్ వైష్ణవ్, మరొకరిని 2019 మార్చి 5న సుప్రీంకోర్టు ఇదే కొలమానంతో నిర్దోషులుగా తేల్చింది.

నిందితుడు తీసుకోగల ప్రధాన వాదనలు ఇవి:

ఘటనాస్థలంలో లేననడం: ఆ సమయంలో మరోచోట ఉన్నానని నిరూపించే భారం నిందితుడిదే. సీసీటీవీ దృశ్యాలు, టికెట్లు, హాజరు పట్టీలు చెరిగిపోకముందే కోర్టు ద్వారా భద్రపరచమని కోరాలి.

ఆత్మరక్షణ: ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి ముప్పు ఎదురైతే, ఎదుటివారి మరణానికి దారితీసేంతవరకు కూడా రక్షణ హక్కు వర్తిస్తుంది. అయితే రక్షణకు అవసరమైనదానికి మించిన హాని తలపెట్టరాదు.

మానసిక అస్వస్థత: ఆ క్షణంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితి ఉండాలి. వ్యాధి ఉందన్న చీటీ ఒక్కటే చాలదు. అయితే నిందితుడు దీన్ని ప్రాసిక్యూషన్ స్థాయిలో రుజువు చేయనక్కరలేదు. సంభావ్యత తనవైపు మొగ్గితే చాలని 1964 నుంచి సుప్రీంకోర్టు చెబుతోంది.

హత్య కాదు, నరహత్య: తీవ్రమైన, ఆకస్మిక రెచ్చగొట్టడం వల్లనో, ముందస్తు పథకం లేని హఠాత్ కొట్లాటలోనో మరణం సంభవిస్తే నేరం హత్య కాకుండా శిక్షార్హమైన నరహత్య కావచ్చు. కోపం చల్లారే వ్యవధి దొరికితే ఈ వాదన నిలవదని 1961లో నానావతి కేసు తేల్చింది. ప్రాణాంతకం కాని అవయవాలపై కొట్టాం కాబట్టి హత్య కాదన్న వాదన కూడా అన్నిసార్లూ చెల్లదు. గుంటూరు జిల్లాలో 1968లో ఒక వ్యక్తి కాళ్లూ చేతులపై బరువైన కర్రలతో కొట్టగా అతను మరణించాడు. హైకోర్టు దీన్ని నరహత్యగా తగ్గించింది. సుప్రీంకోర్టు 1976లో రాయవరపు పున్నయ్య కేసులో తిరిగి హత్యగానే నిర్ధారించింది. ఉద్దేశపూర్వకంగా చేసిన గాయాలు సహజ క్రమంలో మరణానికి చాలినవైతే అది హత్యేనని చెప్పింది.

నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు నిండలేదన్న వాదనను ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు.

మౌనం, అప్పీలు

నిందితుడు సాక్షిగా బోనెక్కకపోయినంత మాత్రాన దాన్ని తప్పుపట్టరాదు. కానీ నాలుగు గోడల మధ్య జరిగిన మరణం విషయంలో ఇంట్లో ఉన్నవారు వివరణ ఇవ్వకపోతే, అదీ ఒక పరిస్థితిగా లెక్కకు వస్తుందని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి అన్నది న్యాయవాదితో చర్చించి నిర్ణయించుకోవాలి.

సెషన్స్ కోర్టు తీర్పుపై బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. మరణశిక్ష పడితే హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదు.

ఈ హక్కులు నేరస్థులకు దొరికే వెసులుబాట్లన్న అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో అరెస్టయి, 2010లో శిక్ష పడిన యువకుడిని ఉమ్మడి హైకోర్టు 2017 మార్చి 31న నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. తప్పు మనిషిని బోనులో నిలబెట్టినన్నాళ్లూ బాధితురాలి తల్లిదండ్రులకూ న్యాయం అందలేదు.