వార్తల్లో పదం: ఎమ్యులేషన్

పాత కంప్యూటరు పనితీరును కొత్త కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ ద్వారా అనుకరించి, నాటి ప్రోగ్రామును తిరగరాయకుండానే నడిపించే పద్ధతిని ఎమ్యులేషన్ అంటారు. యంత్రాలు మూలపడ్డాక డిజిటల్ కళాఖండాలను కాపాడుకోవడానికి మ్యూజియంలు ఆశ్రయిస్తున్న మార్గాల్లో ఇది ముఖ్యమైనది. ఉదాహరణకు, కళాకారులు గ్రాహమ్ వైన్‌బ్రెన్, రాబర్టా ఫ్రీడ్‌మన్ 1982-85 మధ్య రూపొందించిన ‘ది ఎర్ల్ కింగ్’ అనే కళాఖండంలో ప్రేక్షకుడు తెరను వేలితో తాకితే, సోనీ ఎస్‌ఎంసీ-70 కంప్యూటరు లేజర్ డిస్కుల్లోంచి మరో దృశ్యాన్ని వెతికి తెచ్చేది. ఆ సామగ్రికి కాలం చెల్లిపోవడంతో, పాస్కల్ భాషలోని మూల ప్రోగ్రామును ఉంచుకుని, దృశ్యాలను డిజిటల్ ఫైళ్లుగా మార్చి, 2004లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం అసలునూ అనుకరణనూ పక్కపక్కనే ప్రదర్శించింది. అయితే డిస్కు వెతుకులాటలో కలిగే క్షణకాలపు జాప్యం యంత్రపు లోపమా, లేక (నిజానికి ఇదే చిక్కు ప్రశ్న) కళలోనే భాగమా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చలేదు కనుక, ఇలాంటి సంగతులను కళాకారులనే ముందుగా అడిగి నమోదు చేసే ప్రశ్నావళిని కూడా ఆ మ్యూజియం చేపట్టింది.