కంప్యూటరు తెరపై వాహనాల నడవడి

హోసూరు రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే సిల్క్ బోర్డు కూడలిని ఎరుగని తెలుగువారు బెంగళూరులో అరుదు. ఉద్యోగానికి వెళ్ళేవారు, ఆటో నడిపేవారు, ఊరికి బయలుదేరి సమీపంలోని మడివాళలో బస్సు కోసం వేచి ఉండేవారు, అందరూ ఏదో ఒకనాడు అక్కడ నిలిచిపోయినవారే. అటువంటి కూడలిలో పచ్చ దీపం ఎన్ని సెకన్లు వెలగాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ఫ్లైఓవర్ నిర్మిస్తే రద్దీ తగ్గుతుందా అన్న ప్రశ్నలకు నేరుగా రహదారిపై ప్రయోగాలు చేసి సమాధానం వెదకడం ప్రమాదకరం, ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఇంజనీర్లు ముందుగా ఆ కూడలిని కంప్యూటరులో నిర్మించి, అందులో వాహనాలను నడిపి చూస్తారు. దీనినే ట్రాఫిక్ సిమ్యులేషన్, అనగా రాకపోకల అనుకరణ అంటారు. ఈ అనుకరణ చెప్పే ఫలితం నమ్మదగినది కావాలంటే, తెరపై కదిలే వాహనాలు ఈ నగరపు వాహనాల వలెనే నడవాలి.

తెరమీది చోదకుడు

అనుకరణలో ప్రతి వాహనానికి కొన్ని నియమాలు ఉంటాయి. ముందున్న వాహనం ఎంత దూరంలో ఉంది, దాని వేగం ఎంత, తన వేగం ఎంత అన్నవి క్షణక్షణమూ లెక్కించుకొని అది వేగం పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెకు చెందిన రైనర్ వీడెమాన్ 1974లో రూపొందించిన నమూనా ఈ రంగంలో ప్రసిద్ధమైనది. అందులో చోదకుడు నాలుగు స్థితులలో ఏదో ఒకదానిలో ఉంటాడు: అడ్డు లేకుండా సాగిపోవడం, ముందు వాహనాన్ని సమీపించడం, దానిని అనుసరించడం, బ్రేకు వేయడం. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న విసిమ్ సాఫ్ట్‌వేర్ ఈ నమూనాపైనే ఆధారపడింది. జర్మన్ అంతరిక్ష పరిశోధన కేంద్రం అభివృద్ధి చేసిన సూమో అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మనిషి యంత్రం వలె ఒకే తీరున నడపడు. ఆ తడబాటును కూడా నమూనాలో చేర్చవలసి ఉంటుంది. 2008లో ప్రచురితమైన ఒక జపాన్ ప్రయోగం ఇందుకు కారణాన్ని స్పష్టం చేస్తుంది. 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, ప్రమాదం లేదు. అయినా కొంతసేపటికి కార్లు ఒకచోట ఆగి, ఆ నిలుపుదల అలవలె వెనుకకు పాకింది. కారణమేమీ కనిపించకుండానే వాహనాలు ఆగి, మళ్ళీ కదిలే అనుభవం వెనుక ఉన్న సూత్రం ఇదే.

వరుస పాటించని రహదారి

ఈ నమూనాలలో అధికభాగం కార్లు ఒకదాని వెనుక ఒకటి వరుసలో నడిచే దేశాలలో పుట్టినవి. బెంగళూరు రహదారి తీరు వేరు. ఎర్ర దీపం పడగానే స్కూటర్లు, మోటారు సైకిళ్లు కార్ల నడుమ సందుల గుండా జారి అన్నిటికంటె ముందు నిలుస్తాయి. పచ్చ దీపం పడగానే ఆ గుంపు ఒక్కసారిగా కదులుతుంది. ఆటో కొంత ఒక వరుసలో, కొంత మరొక వరుసలో నిలుస్తుంది. సూమోలో మార్చకుండా వదిలివేస్తే, ఆగిన వాహనాల మధ్య కనీసం 2.5 మీటర్ల ఖాళీ ఉంటుంది. సిల్క్ బోర్డు వద్ద అంత ఖాళీ దొరికితే అందులో ఒక మోటారు సైకిలు చేరిపోతుంది. ఆ విలువలను యథాతథంగా వాడితే నిలిచిన వాహనాల బారు ఉన్నదానికంటె పొడవుగా కనిపిస్తుంది; సిగ్నల్ కాలం లెక్క తప్పుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి సూమోలో ఒక్కొక్క వరుసను సన్నని పాయలుగా విభజించి, వాహనాలు పక్కపక్కన నిలిచేటట్లు చేసే ఏర్పాటు ఉంది.

వాహనాలను ఒకే కొలమానానికి తేవడం మరొక సమస్య. భారత రహదారుల కాంగ్రెస్ 1990లో నగర రహదారులకు ఇచ్చిన ప్రమాణం ప్రకారం కారు విలువ 1. రాకపోకలలో ఆ రకం వాహనాల వాటా 10 శాతం లేదా అంతకు మించి ఉన్నప్పుడు ద్విచక్ర వాహనం విలువ 0.75, ఆటో విలువ 2, బస్సు విలువ 3.7. ఇది వాహనం ఆక్రమించే చోటును బట్టి వేసిన లెక్క. అందులోని మనుషులను బట్టి వేసినది కాదు. యాభై మంది ఉన్న బస్సును కేవలం నాలుగు కార్ల అడ్డంకిగా చూసే అనుకరణ, బస్సుకు దారి ఇవ్వడం వల్ల కలిగే మేలును చూపలేదు.

కొలిచి దిద్దడం

స్థానిక నడవడిని తెలుసుకోవడానికి రహదారిని వీడియో తీసి, ప్రతి వాహనం కదలికను నమోదు చేస్తారు. చెన్నై సైదాపేటలోని మరైమలై అడిగళార్ వంతెనపై ఈ విధంగా సేకరించిన వివరాలను పరిశోధకులు 2015లో ప్రచురించారు. దేశంలోని మిశ్రమ రాకపోకలకు తగిన ప్రమాణాలతో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2017 నాటి ఇండో హెచ్‌సీఎం గ్రంథం వెలువడింది. ఇటువంటి కొలతలతో నమూనాలోని విలువలను దిద్దిన తరువాత, వేరొక రోజున లెక్కించిన వాహనాల సంఖ్యతో, ప్రయాణ సమయంతో, బారు పొడవుతో దానిని సరిపోల్చాలి. ఏ రోజు వివరాలతో దిద్దారో ఆ రోజుతోనే సరిచూస్తే అది పరీక్ష అనిపించుకోదు.

లెక్కలో చేరనివారు

అనుకరణలో ప్రవేశపెట్టనిది ఫలితంలో కనిపించదు. పాదచారులను చేర్చకపోతే కూడలి ఎంతో చక్కగా పనిచేస్తున్నట్లు తోస్తుంది. ఉదాహరణకు 24 మీటర్ల వెడల్పు గల రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల వేగంతో దాటడానికి 20 సెకన్లు పడుతుంది. సెకనుకు 0.8 మీటర్లు మాత్రమే నడవగల వృద్ధురాలికి 30 సెకన్లు కావాలి. నమూనాలో ఆమె లేకపోతే ఆ పది సెకన్లు కార్ల ఖాతాలోకి పోతాయి. ఆమె రోడ్డు మధ్యలో చిక్కుకుంటుంది.

దినం ఎంపిక కూడా అంతే ముఖ్యం. మంగళవారం ఉదయం తీసిన లెక్క, శుక్రవారం రాత్రి మడివాళ పరిస్థితిని చెప్పదు. సామానుతో, పిల్లలతో జనం రోడ్డు అంచున నిలుస్తారు. ఆంధ్ర, తెలంగాణలకు పోయే బస్సులు వారికోసం ఆగుతాయి. వెనుక వాహనాలు పక్కకు తిరుగుతాయి. సంక్రాంతి ముందు రోజులలో ఇది మరింత ఎక్కువ.

హద్దు ఎక్కడ గీశారన్నది కూడా చూడవలసినదే. సిల్క్ బోర్డు వద్ద 2024 జులైలో కింద రోడ్డు, పైన మెట్రో మార్గం గల రెండంతస్తుల వంతెనపై రోడ్డు రాకపోకలు ఒక వైపున మొదలయ్యాయి. ఇటువంటి నిర్మాణాన్ని పరిశీలించేటప్పుడు అనుకరణ ఒక్క కూడలితోనే ఆగిపోతే, రద్దీ తరువాతి కూడలికి జరిగిందా అన్నది తెలియదు.

పౌరులు అడగదగిన ప్రశ్నలు

రహదారి మార్పులపై అభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, సాంకేతిక పరిజ్ఞానం లేకపోయినా పౌరులు ఈ ప్రశ్నలు అడగవచ్చు:

• వాహనాలను ఏ రోజున, ఏ వేళలో లెక్కించారు?
• ద్విచక్ర వాహనాలు, ఆటోల నడవడిని ఈ నగరంలోనే కొలిచారా?
• పాదచారులు, ఆగే బస్సులు లెక్కలో ఉన్నారా?
• పక్క కూడళ్ల పరిస్థితిని చూశారా?
• ఫలితాన్ని వాహనాల సంఖ్యలో చెబుతున్నారా, మనుషుల సంఖ్యలో చెబుతున్నారా?

ప్రతిరోజూ ఆ కూడలిని దాటేవారికి, అక్కడ ఆటో నిలిపేవారికి, బస్సు కోసం నిలబడేవారికి తెలిసిన విషయాలు కొన్ని ఏ కెమెరాకూ చిక్కవు. అవి సకాలంలో అధికారుల దృష్టికి వస్తే, తెరమీది రహదారి బయటి రహదారికి మరింత దగ్గరవుతుంది.