పచ్చి కొయ్యయు తరిమెనయు

అప్పుడే కొట్టిన కొయ్యను తరిమెన కెక్కించి ఉలి యానించిన వారికి ఆ పని యెంత సులభమో తెలియును. ఎండిన కొయ్య దుమ్ము రేపును, ఉలిమొనను త్వరగా మొద్దుపరచును. పచ్చి కొయ్య యట్లు గాక, పొడుగైన పట్టీలుగ లేచివచ్చును. ఒక్కొక్కప్పుడు చేతిపై నీటి తుంపరలును పడును. మేము ఈ సులువునకు ఆశపడి, పచ్చి దుంగనుండి ఒక గిన్నెను ఒక్క పూటలో తీర్చి, నునుపుచేసి, ఎండలో పెట్టితిమి. రెండు దినములలో అది అంచునుండి అడుగువరకు బీటవారెను. లోపము ఉలిది కాదు, కొయ్యది కాదు. కొయ్యలోని నీటి సంగతి యెరుగని మాది.

కొయ్యలో నీరు రెండు చోటుల నుండును. సన్నని గొట్టములవంటి కణముల నడిమి ఖాళీలో నుండునది యొకటి; ఆ కణముల గోడలలో ఇంకియుండునది రెండవది. మొదటిది పోయినందువలన కొయ్య పరిమాణము మారదు. రెండవది పోవునప్పుడే కొయ్య కుదించుకొనును. ఎండు బరువులో నూటికి సుమారు 30 వంతుల నీరు మిగిలినపుడు ఈ కుదింపు మొదలగును.

ఆ కుదింపు అన్ని దిక్కుల సమానము కాదు. మాను నిడివిలో అది మిక్కిలి స్వల్పము. నడిబొడ్డునుండి బెరడువైపునకు కొంత యుండును. వలయముల వెంబడి దానికి సుమారు రెండింత లుండును. అందుచేతనే గుండ్రని పచ్చి గిన్నె ఎండినపిదప కోలగా మారును. మరియు ఎండ తగిలిన పైపొర ముందుగా కుదియబోగా, తడిగా నున్న లోపలిభాగము దానిని కుదియనీయదు. ఈ పెనుగులాటలో పైపొర పగులును.

కావున గిన్నెలు చేయు నేర్పరులు ఒకే గిన్నెను రెండుమారులు తరిమెన పట్టుదురు. మొదట దుంగను నడిబొడ్డు గుండ నిలువుగా చీల్చి, ఆ బొడ్డును తీసివేయుదురు. పిదప అంచు మందము వెడల్పులో పదియవవంతు ఉండునట్లు ముతకగా తొలుతురు. 10 అంగుళముల గిన్నెకు అంగుళము మందము. మందము అంతట సమముగా నుండవలెను. కోసిన తలలవైపున నీరు త్వరగా పోవును గనుక అచట మైనము పూయుదురు. అటుపిమ్మట గాలి తగులని నీడలో, దాని పొట్టులోనే కప్పి, నెలల తరబడి యుంచుదురు. కోలగా మారిన ఆ గిన్నెను మరల తరిమెన కెక్కించి గుండ్రముగ తీర్చుటకే ఆ యదనపు మందము.

ఎండినదని తెలిసికొనుటకు త్రాసు చాలును. వారమున కొకసారి తూచి బరువు వ్రాసికొనవలెను; తగ్గుట ఆగినపుడు పని మొదలిడవచ్చును. 1300 గ్రాములు తూగిన తునక పూర్తిగా ఎండి 1000 గ్రాములైనచో, అందుండిన నీరు ఎండు బరువులో నూటికి 30 వంతులు. గణితము నేర్చు బాలుర కిది మంచి యభ్యాసము.

చిన్న బొమ్మలు చేయువారు కొయ్యను ముందే ఆరబెట్టుదురు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక పనివారలు మెత్తని అంకుడు కర్రను ఎండనిచ్చి తరిమెన పట్టుదురు. తిరుగుచున్న బొమ్మపై రంగులక్కను అదిమినచో, రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. మొగలియాకుతో రుద్ది మెరుగు పెట్టుదురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. కొయ్య తడిగా నుండిన, పైనున్న అందము నిలువదు.

చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. కొట్టుటకు గడియ చాలును. తొందరచే గిన్నె పగిలినచో మన శ్రమయేగాక ఆ యేండ్లును వ్యర్థమగును. మేము రెండవమారు చేసిన గిన్నె యిప్పుడు పొట్టులో ఆరుచున్నది. త్రాసు చెప్పువరకు దానిని ముట్టము.