వర్తకుల రంగుచీట్లు

19వ శతాబ్దపుటుత్తరార్ధమున అమెరికాదేశమందలి గడియారముల, నగల, దుస్తుల వర్తకులు తమ సరకులను దెలుపు బొమ్మచీట్లను ఉచితముగాఁ బంచుచుండిరి. రంగునకొక రాయి చొప్పున రాతియచ్చుపై వీనిని ముద్రించెడివారు. బోస్టను నగరమునందలి లూయీ ప్రాంగు ఈ విద్యయందుఁ బ్రసిద్ధుఁడు. 1876లో జరిగిన ఫిలడెల్ఫియా ప్రదర్శనము పిదప వీని వాడుక మిక్కిలి హెచ్చెను. ఒకే బొమ్మను పెక్కండ్రు వర్తకులు కొని, అందలి ఖాళీచోటఁ దమ పేరచ్చు వేయించుకొనుటయుఁ గలదు. కావున బొమ్మను మాత్రమే చూచి వర్తకమును నిర్ణయింపరాదు.

స్త్రీలును పిల్లలును పుస్తకములలో నంటించి దాఁచుటచేతనే యీ చీట్లు పెక్కులు నేఁటికిని నిలిచినవి. కాని యా జిగురే వెనుకప్రక్కనున్న ప్రకటనను మఱుఁగుపఱచినది. ఊడఁదీసినచో వ్రాత తెలియును. కూర్చినవారి యభిరుచిని దెలుపు పుట చెడును. కాఁబట్టి చీటిని దీయుటకు ముందు పుట యమరికను వ్రాసికొనుట పరిశోధకుని విధి.