ఇంజను సైకిలు వెనుకచక్రమునకు ఎన్ని పళ్లు వలయును?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెలలో చిన్న మోటారు బండి నేడు రైతునకు ఇంటి ఎద్దువలె ఉపకరించుచున్నది. విత్తనముల సంచి, మందుకొట్టు డబ్బా, పాలక్యాను, పచ్చిమేత మోపు, అన్నియు దానిమీదనే పోవుచున్నవి. 1972లో వచ్చిన లూనాయు, 1980లో హోసూరునుండి వచ్చిన టి.వి.యస్. 50యు ఈ వాడుకను మన దేశమున వ్యాపింపజేసినవి. మామూలు సైకిలునకే బిగించుకొనదగిన చిన్న ఇంజను సామగ్రియు ఇప్పుడు దొరకుచున్నది. ఇట్టి ఇంజను సైకిళ్లకు మార్చుకొను గేర్లు లేవు. కావున వెనుకచక్రమునకు బిగించిన పళ్లచక్రమే, అనగా మెకానిక్కులు స్ప్రాకెట్ అనునదే, బండి లాగుడును వేగమును నిర్ణయించును. దానిని ఎట్లు ఎంచుకొనవలెనో సభ్యులకు తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పొడవైన గడ్డపారతో బండరాతిని లేపుట సులువు. కాని చేయి ఎక్కువ దూరము కదలవలెను. పళ్లచక్రమునకును ఇదే న్యాయము. వెనుక పళ్లు పెరిగినకొలది లాగుడు పెరిగి వేగము తగ్గును. పళ్లు తగ్గినకొలది వేగము పెరిగి లాగుడు తగ్గును. రెండును ఒక్కసారి లభింపవు.

లెక్క చూడుడు. సైకిలునకు బిగించు రెండు స్ట్రోకుల ఇంజనులో సాధారణముగ లోపలనే 4.1 చుట్లు ఒక చుట్టగును. బయట ముందు పళ్లు 10, వెనుక పళ్లు 44 ఉండును. అనగా ఇంజను సుమారు 18 చుట్లు తిరిగిన వెనుకచక్రము ఒక చుట్టు తిరుగును. మన 28 అంగుళముల సైకిలు చక్రము ఒక చుట్టునకు సుమారు 2.23 మీటర్లు పోవును. ఇంజను నిమిషమునకు 5000 చుట్లు తిరుగునపుడు 44 పళ్లతో గంటకు సుమారు 37 కిలోమీటర్లు, 36 పళ్లతో 45, 50 పళ్లతో 33 కిలోమీటర్ల వేగము వచ్చును. 44 తీసి 50 పెట్టినచో వేగము నాలుగు కిలోమీటర్లు తగ్గును. లాగుడు మాత్రము ఏడవ వంతు పెరుగును. బరువు మోయు రైతునకు ఇది లాభసాటి బేరమే.

కొత్తకోట, పెబ్బేరు వైపు చదునైన తారురోడ్డుమీద ఒంటరిగా పోవువారికి 40 లేక 44 పళ్లు చాలును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో నేల చదునే యైనను, వానకాలమున నల్లరేగడి బాటలు చక్రమును పట్టుకొనును. అచ్చట 45 కిలోల యూరియా బస్తాతో పోవువారు 48 పెట్టుకొనుట మేలు. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు నల్లమల ఎత్తు ఎక్కువారు 50కి తగ్గరాదని మా అభిప్రాయము. మీరు తరచుగ చేయు పనులలో మిక్కిలి బరువైన దానిని బట్టి పళ్లు ఎంచుకొనుడు. పండుగనాటి వేగమును బట్టి కాదు.

ఎత్తుమీద ఇంజను మూలుగుచు ఆగబోవుచున్నను, క్లచ్చి సగము పట్టుకొని నడుపవలసి వచ్చుచున్నను పళ్లు చాలలేదని గ్రహింపుడు. అట్లే నడిపినచో క్లచ్చి అరిగిపోవును, ఇంజను కాగిపోవును. చదునునేలమీద మామూలు వేగముననే ఇంజను అరచుచు వణకుచున్నచో పళ్లు ఎక్కువైనవి.

44 తీసి 50 పెట్టునపుడు గొలుసునకు సుమారు మూడు లింకుల పొడవు అదనముగ కావలసివచ్చును. పళ్లచక్రము వంకర లేక తిరుగవలెను. దానిని పుల్లలకు పట్టియుంచు బోల్టులన్నియు సమముగ బిగియవలెను. లేనిచో గొలుసు జారి పుల్లలలో చిక్కుకొని మనిషిని పడవేయును. గొలుసు అర అంగుళము మాత్రమే ఊగవలెను. పళ్లు కొక్కెములవలె వంగినచో చక్రములను, గొలుసును కలిపియే మార్చుడు.

లాగుడు పెరిగినదని బరువు పెంచరాదు. సైకిలు బ్రేకులు మనిషి తొక్కు వేగమునకు చేయబడినవే కాని, బస్తాతో దిగువకు జారు బండిని ఆపుటకు కాదు. ముందు బ్రేకులు బాగుచేసి, పిదప పళ్ల మాట చూడవలెను.

చట్టమును మరువరాదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము 25 సి.సి.కి మించిన ఇంజను గల బండి మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు లేక దానిని రోడ్డుమీద నడుపరాదు. కొనుటకు ముందే రిజిస్ట్రేషన్ అగునో కాదో విచారించుకొనుడు. కంపెనీ మోపెడులకు లెక్కలు వేరు; కంపెనీవారు చెప్పిన పళ్లనే ఉంచుట క్షేమము.

ఒక్కొక్కరు మూడు చక్రములు కొని పరీక్షించుట వృథావ్యయము. ఊరిలో ఇట్టి బండ్లు నాలుగైదు ఉన్నచో సభ్యులు కలసి 44, 48, 50 పళ్ల చక్రములు ఒక్కొక్కటి కొని సంఘమునందుంచి, వంతులవారిగా వేసి చూచి, తమకు తగినదానినే కొనవచ్చును. పదిమంది చేయి కలిపిన ఒక్కని చేతి ఖర్చు తగ్గును. సహకారమునకు అర్థమిదియే కదా!