రాతిని కరగించు నీరు



కడప సీమలో వేంపల్లె, పులివెందుల ప్రాంతములందు తిరుగుచున్నప్పుడు ఒక పల్లెలో నాకు చెంబెడు బావినీ రొసగిరి. నీరు తేటగా నుండెను. కాని ఆ బావి ప్రక్కనే చెత్తతో నిండిన పాడుబావి యొకటి కలదు. దానిని చూచి నేను త్రాగుటకు సంకోచించితిని. "నడుమ నంతయు రాయియే గదా, భయమేల?" అని యొక పెద్ద నవ్వెను. నేనపుడు చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించుచున్నాను.

ఆ రాయి డోలమైటు. సున్నపురాతికి దగ్గరి బంధువు. సున్నముతోపాటు మెగ్నీషియమను ధాతువును అందు కలదు. సుమారు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము అచట నుండిన లోతు తక్కువ సముద్రమున నది యేర్పడెను. చూచుటకు కఠినమే. అయినను వాననీటికి లొంగును.

వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించును. నేలలో వేళ్లును, కుళ్లిన ఆకులును విడుచు నా వాయువును మఱింత గ్రహించి స్వల్పముగా పులుసెక్కును. ఆ నీరు రాతిని మెల్లమెల్లగా కరగించును. సున్నపురాయి త్వరగా కరగును. డోలమైటు ఆలస్యముగా కరగును. భేద మంతియే. గుట్టపై నిలిచి చూడుడు: రాతి మొగము ఏనుగు తోలువలె అడ్డదిడ్డపు గీతలతో నుండును. కరగని చెకుముకిరాతి పట్టెలు పైకి పొడుచుకొని వచ్చియుండును. రాతిలోని యినుము త్రుప్పుపట్టి, మిగిలిన మట్టిని ఎఱ్ఱబఱచును.

భూమిలోపలను ఇదియే జరుగును. వెండ్రుకవాసి బీటలు యుగయుగములకు వెడల్పై కాలువలగును. కరగిన పదార్థము నీటితో బావికి చేరును. అందుచేతనే ఆ నీట సబ్బు చక్కగా నురుగదు, పప్పు త్వరగా ఉడకదు, కాచిన కుండకు తెల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చు కరగిన కొండలోని భాగమే.

దానివలన భయము లేదు. భయము వేఱొకటి. ఇసుకనేల నీటిని మెల్లగా వడగట్టును. ఈ బీటలు వడగట్టవు. పాడుబావిలోని మురుగు వానాకాలమున ఎట్టి అడ్డును లేక మంచినీటి బావికి చేరవచ్చును. రోగబీజములు కంటికి కనబడవు గాన తేటదనమును నమ్మరాదు.

కావున పెంటదిబ్బలను, మరుగుదొడ్ల గుంతలను త్రాగునీటి బావులకు దూరముగా నుంచుడు. పాడుబావులలోను, విడిచిన బోరుగుంతలలోను చెత్త వేయనీయకుడు. నీటిని కాచి త్రాగుడు. ఆనాడు నవ్విన పెద్దయే మఱునాడు కూలివారిని పిలిపించి పాడుబావిలోని చెత్త నెత్తించెను.