ఇంటి కరెంటు రాయితీ: భారం ఎటు మళ్లుతుంది?

ఇళ్ల కరెంటు బిల్లు తగ్గించే పథకం ఏది వచ్చినా, అది గృహస్థుకు సంబంధించిన విషయమని వర్తకులు పెద్దగా పట్టించుకోవడం లేదు. కాని ఆ తగ్గింపు ఎక్కడో ఒకచోట ఖర్చు కింద పడక తప్పదు. అది ప్రభుత్వ ఖజానా మీద పడవచ్చు, విద్యుత్ పంపిణీ సంస్థల నష్టం కింద పేరుకుపోవచ్చు, లేదా దుకాణం, మిల్లు, శీతల గిడ్డంగి కట్టే బిల్లులో కలవవచ్చు. గత కొన్నేళ్లుగా ఇంటి కప్పు మీద సౌర పలకల పథకం కూడా దీనికి తోడయింది. ఇందువల్ల సౌర సామగ్రి వ్యాపారానికి కొత్త గిరాకీ ఏర్పడింది. అదే సమయంలో కరెంటు ఛార్జీల పాత లెక్క తారుమారవుతోంది. ఈ రెండు మార్పులనూ కలిపి చూస్తేనే అసలు పరిస్థితి బోధపడుతుంది.

మూడు మార్గాలు

ఇంటి బిల్లు తగ్గించడానికి ప్రభుత్వాలు మూడు మార్గాలు అనుసరిస్తున్నాయి. మొదటిది నేరుగా ఇచ్చే సబ్సిడీ. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల కుటుంబాలకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. ఇలాంటి సబ్సిడీ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం పంపిణీ సంస్థలకు ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది.

రెండవది ఒకరి ఛార్జీ పెంచి మరొకరి ఛార్జీ తగ్గించడం. దీనినే క్రాస్ సబ్సిడీ అంటారు. తక్కువ యూనిట్లు వాడే ఇళ్లకు సరఫరా ఖర్చు కంటే తక్కువ రేటు వేసి, ఆ లోటును ఎక్కువ వాడే ఇళ్ల నుంచి, వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారుల నుంచి రాబట్టడం ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. ఏ వర్గం రేటయినా సగటు సరఫరా ఖర్చుకు 20 శాతం అటూ ఇటూ లోపల ఉండాలని 2006 జాతీయ టారిఫ్ విధానం నిర్దేశించింది. ఆచరణలో ఈ హద్దుకు చేరడం రాష్ట్రాలకు కష్టంగానే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2000 సంవత్సరంలో ఛార్జీల పెంపుపై రేగిన ఆందోళన, ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్ లో జరిగిన కాల్పుల తరువాత ఇళ్ల రేట్ల జోలికి వెళ్లడానికి ఏ ప్రభుత్వమూ తేలికగా సాహసించలేదు.

మూడవది గృహస్థునే ఉత్పత్తిదారుగా మార్చడం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్య ఘర్ ముఫ్త్ బిజిలీ యోజన ఈ కోవలోది. రు. 75,021 కోట్ల వ్యయంతో 2026-27 నాటికి కోటి ఇళ్ల మీద సౌర పలకలు అమర్చడం దీని లక్ష్యం. 2025 మార్చి నాటికి ఆ సంఖ్య 10 లక్షలు దాటింది. అంతకు ముందు 2022 నాటికి కప్పుల మీద 40,000 మెగావాట్ల సామర్థ్యం నెలకొల్పాలన్న లక్ష్యం నెరవేరలేదు. అందుచేత ఈసారి సబ్సిడీని పెంచి, దరఖాస్తు పద్ధతిని సులభం చేశారు.

గృహస్థు లెక్క

పథకం ప్రామాణికంగా తీసుకున్న ధర మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కటి రు. 50,000, మూడవ దానికి రు. 45,000. మొదటి రెండింటిపై 60 శాతం, మూడవ దానిపై 40 శాతం సబ్సిడీ. అంటే ఒక కిలోవాట్ కు రు. 30,000, రెండింటికి రు. 60,000, మూడింటికి రు. 78,000. ఆ పైన ఎంత పెట్టినా సబ్సిడీ పెరగదు. ఈ లెక్కన మూడు కిలోవాట్లకు రు. 1,45,000 ఖర్చయితే గృహస్థు చేతి నుంచి పడేది రు. 67,000. వీటి నుంచి నెలకు 300 యూనిట్లకు తగ్గకుండా కరెంటు వస్తుందని అంచనా.

ఆంధ్రప్రదేశ్ 2022-23 టారిఫ్ ఉత్తర్వుల్లో ఇళ్లకు నిర్ణయించిన స్లాబులు తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు రు. 1.90, 75 వరకు రు. 3, 125 వరకు రు. 4.50, 225 వరకు రు. 6, 400 వరకు రు. 8.75, ఆ పైన రు. 9.75. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఛార్జీ సుమారు రు. 2,548 అవుతుంది. అందులో 300 యూనిట్లు సౌర పలకల నుంచి వస్తే మిగిలిన వంద యూనిట్లకు కట్టేది రు. 304 మాత్రమే. నెలకు రు. 2,240 పైచిలుకు మిగులుతుంది. పెట్టుబడి రెండున్నరేళ్లలో తిరిగి వస్తుంది.

ఇక నెలకు వంద యూనిట్లే వాడే ఇంటి సంగతి చూస్తే, ఒక కిలోవాట్ పెట్టడానికి సబ్సిడీ పోను రు. 20,000 కావాలి. బిల్లు మొత్తం పోయినా మిగిలేది నెలకు రు. 300. పెట్టుబడి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. సున్నా బిల్లు వచ్చే ఇంటికి మిగిలేదే లేదు. అటువంటి ఇంటి యజమాని సొంత డబ్బు పెట్టి పలకలు కొనడానికి కారణం కనిపించదు. ఉచిత కరెంటు, సౌర పథకం ఒకదానికొకటి అడ్డు వస్తున్నది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల పలకలు ఉచితంగానే అమర్చాలని నిర్ణయించడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఏటా బిల్లు భరించే బదులు ఒకసారి పలకలు కొనిపెడితే దీర్ఘకాలంలో ఖజానాకు లాభమని ప్రభుత్వ ఆలోచన.

లోటు ఎవరి మీద?

పై లెక్కను పంపిణీ సంస్థ వైపు నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. సౌర పలకల వైపు ముందుగా మళ్లేది ఎక్కువ బిల్లు కట్టే గృహస్థే. అతడు మానుకునేవి రు. 8.75, రు. 6 రేటు గల యూనిట్లు. సంస్థకు మిగిలేవి రు. 1.90, రు. 3 యూనిట్లు. పగలు తన కరెంటు తాను వాడుకుని మిగులును లైన్లకు ఇచ్చే ఆ ఇల్లు రాత్రి మళ్లీ సంస్థ కరెంటే వాడుతుంది. కనుక స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, రాత్రి గిరాకీకి బొగ్గు కేంద్రాలతో కుదుర్చుకున్న ఒప్పందాలు ఏవీ తగ్గవు. రాబడి తగ్గి ఖర్చు నిలిచి ఉంటుంది.

ఈ లోటును ప్రభుత్వం భరించకపోతే మిగిలిన దారి వాణిజ్య వర్గాల రేటు, లేదా సర్దుబాటు ఛార్జీ. ఆంధ్రప్రదేశ్ లో నెలకు 500 యూనిట్లు దాటిన దుకాణం పై స్లాబు యూనిట్లకు ఇప్పటికే రు. 10 పైబడి కడుతున్నది. సర్దుబాటు ఛార్జీ అంతకంటే చిక్కు. అక్కడ 2022-23 లో వాడిన కరెంటుకు సంబంధించిన ఇంధన సర్దుబాటును 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లో వసూలు చేశారు. 2022 లో ఆడించిన బియ్యానికి ఆనాటి ఖర్చు చూసి ధర కట్టి అమ్మిన మిల్లు యజమాని, రెండేళ్ల తరువాత వచ్చిన అదనపు బిల్లును ఏ కొనుగోలుదారు నుంచి రాబట్టగలడు? మిరప బస్తాలకు సీజను కింద అద్దె మాట్లాడుకున్న శీతల గిడ్డంగిదీ ఇదే ఇబ్బంది. కరెంటు ఖర్చు అధికంగా గల వ్యాపారాల్లో అద్దె, ఆడింపు కూలి కుదుర్చుకునేటప్పుడు సర్దుబాటు భారం ఎవరిదో ముందుగానే మాట్లాడుకోవడం మంచిది.

సామగ్రి వ్యాపారం

సబ్సిడీ పొందే ఇళ్లకు దేశంలో తయారైన సెల్స్ తో దేశంలోనే తయారైన పలకలు వాడాలన్న షరతు ఉంది. దిగుమతి పలకలపై 40 శాతం, సెల్స్ పై 25 శాతం కస్టమ్స్ సుంకం 2022 ఏప్రిల్ 1 నుంచి విధించారు. 2025 బడ్జెట్ లో మూల సుంకాన్ని 20 శాతానికి తగ్గించినా, పలకలపై మరో 20 శాతం సెస్సు వేయడంతో వాటి మీద మొత్తం భారం తగ్గలేదు. ఆమోదిత తయారీదారుల జాబితాలో ఉన్న సెల్స్ నే వాడాలన్న నిబంధనను 2026 జూన్ 1 నుంచి వర్తింపజేయాలని కేంద్రం 2024 డిసెంబర్ లోనే ఉత్తర్వు ఇచ్చింది. వీటన్నిటి దృష్ట్యా, చైనాలో ధర పడిందన్న కబురు విని సబ్సిడీ పలకలు కూడా చౌక అవుతాయని అనుకోవడం పొరపాటు. ఈ రెండూ రెండు వేర్వేరు సరుకుల కింద లెక్క.

పన్ను విషయంలో ఊరట లభించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సౌర సామగ్రిపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సామగ్రి 70, సేవ 30 పాళ్లుగా లెక్కించే మొత్తం కాంట్రాక్టుపై పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి దిగింది. అదే రోజు నుంచి బొగ్గుపై టన్నుకు రు. 400 పరిహార సెస్సు తీసివేసి, పన్నును 5 నుంచి 18 శాతానికి పెంచారు.

డీలర్లకు అసలు సమస్య అరువు. సబ్సిడీ గృహస్థు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదీ పలకలు బిగించి, తనిఖీ పూర్తయి, కనెక్షన్ ఇచ్చిన తరువాతే. బ్యాంకు రుణం లేని చోట అంతవరకు ఆ మొత్తం డీలరు పెట్టుబడిలోనే ఇరుక్కుంటుంది. నెలకు పది ఇళ్లు మూడేసి కిలోవాట్ల చొప్పున బిగించే వ్యక్తికి రు. 7,80,000 సబ్సిడీ రాబడి మీద ఆధారపడి ఉంటుంది. ఒక నెల ఆలస్యమైతే వడ్డీ లాభాన్ని తినివేస్తుంది.

వెండి, వాయిదా వ్యాపారం

బులియన్ వర్తకులకు కూడా ఇందులో ప్రమేయం ఉంది. సౌర సెల్ లో కరెంటును సేకరించే సన్నని గీతలు వెండి ముద్దతో వేస్తారు. 2024 లో ప్రపంచమంతటా సౌర పరిశ్రమ దాదాపు 20 కోట్ల ఔన్సుల వెండి వాడింది. 1980 జనవరిలో హంట్ సోదరుల కొనుగోళ్ల వేడిలో తాకిన 50 డాలర్ల ధారణను వెండి 2025 అక్టోబర్ లో దాటడానికి గల కారణాల్లో ఈ గిరాకీ ఒకటి. అయితే వెండి ప్రియమయ్యేకొద్దీ తయారీదారులు ఒక్కొక్క సెల్ లో దాని పాలు తగ్గించి, రాగి వైపు మొగ్గుతున్నారు. పలకలు పెరిగినంత మేర వెండి వాడకం పెరుగుతుందని లెక్క కట్టరాదు.

కరెంటులోనే వాయిదా వ్యాపారం 2025 జులై 10న ఎం.సి.ఎక్స్. లోను, అదే నెల 14న ఎన్.ఎస్.ఇ. లోను మొదలైంది. ఎం.సి.ఎక్స్. లో లాటు 50 మెగావాట్ అవర్లు, అంటే 50,000 యూనిట్లు. సరుకు అప్పగింత లేదు, నగదు తేడాతోనే పరిష్కారం. ఇందులో దిగే బ్రోకర్లు గమనించవలసింది ఏమంటే, సౌర విద్యుత్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం ధర మెత్తబడుతోంది, సూర్యాస్తమయం తరువాత బిగువెక్కుతోంది. సగటు ధర ఈ రెంటినీ కప్పివేస్తుంది.

ఈ వ్యత్యాసాన్ని బిల్లుల్లోకి తేవడానికి 2023 లో కేంద్రం నిబంధనలు సవరించింది. సౌర గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా, వాణిజ్య, పారిశ్రామిక వర్గాలకు గిరాకీ గంటల్లో కనీసం 20 శాతం ఎక్కువగా ఉండాలన్నది దాని సారాంశం. అమలు రాష్ట్రాల కమిషన్ల చేతిలో ఉంది. ఇది పూర్తిగా అమలయితే పగలు ఆడే మిల్లుకు మేలు, రాత్రి దీపాలతో వ్యాపారం సాగే దుకాణానికి భారం. దుకాణాలకు, గోదాములకు సూర్య ఘర్ సబ్సిడీ లేదు. అయినా రు. 10 రేటు గల యూనిట్ కు బదులుగా పగటి కరెంటు సొంత కప్పు మీద తయారయితే, సబ్సిడీ లేకుండానే లెక్క గిట్టుబాటవుతుంది. బిల్లులోని యూనిట్లలో పగటివి ఎన్ని, రాత్రివి ఎన్ని అని చూసుకున్న తరువాతే ఎవరైనా ఈ ఖర్చుకు దిగడం మంచిది.